రెండు డిస్కులతో ఉబుంటు సర్వర్: రెయిడ్ బయోస్‌లో పెట్టాలా, ఇన్‌స్టాలర్‌లోనా, తర్వాతా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కాకినాడలో పెళ్లి ఫొటోల స్టూడియో నడుపుతున్నారు. ఎడిటింగ్ చేసే విండోస్ సిస్టమ్‌లన్నీ వాడుకునేలా ఒక పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు సర్వర్ 24.04 వేసి, కొత్తగా కొన్న రెండు 4 టీబీ హార్డ్ డిస్కులతో ఫైల్ సర్వర్ చేద్దామనుకుంటున్నారు. ముహూర్తాల సీజన్‌లో ఒక డిస్క్ పోయినా పని ఆగకూడదు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) రెయిడ్, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి, అని ఒక ఆప్షన్ కనిపిస్తోంది, ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ అని ఇంకొకటి ఉంది. ఏది వాడాలి? ఏ లెవెల్? ఓఎస్ వేసేటప్పుడే పెట్టాలా, తర్వాత పెట్టుకోవచ్చా? రేపు స్థలం చాలకపోతే ఎలా?

సూటిగా జవాబు: బయోస్‌లో రెయిడ్ ఆపేసి సాటా మోడ్‌ని ఏహెచ్‌సీఐలో (డిస్కుల్ని విడివిడిగా చూపించే మామూలు మోడ్‌లో) పెట్టండి. ఉబుంటు ఇన్‌స్టాలర్‌లోనే సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 పెట్టండి. బూట్‌కి కావాల్సిన ఈఎఫ్ఐ పార్టిషన్ రెండు డిస్కుల మీదా విడివిడిగా ఉండాలి, రెయిడ్ లోపల కాదు. ఒక్క ఫొటో కూడా కాపీ చేయకముందే, ఒక్కో డిస్క్ కేబుల్ పీకి చూసి, మిగిలిన దానితో మెషీన్ లేస్తోందని నిర్ధారించుకోండి.

ఈ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. నేను హైదరాబాద్‌లో చిన్న ఆఫీసులకి, క్లినిక్‌లకి సర్వర్లు పెట్టి, వాటి బాగోగులు చూస్తుంటాను. "రెయిడ్ ఉంది సార్, అయినా మెషీన్ లేవట్లేదు" అని ఫోన్ వస్తే గొడవ దాదాపు ఎప్పుడూ బూట్ దగ్గరే తేలుతుంది. రెయిడ్ తన పని చక్కగా చేసి ఉంటుంది, డేటా రెండో డిస్క్ మీద భద్రంగా ఉంటుంది, కానీ ఆ డిస్క్ నుంచి లేవడానికి దారి ఎవరూ వేసి ఉండరు. స్టెప్నీ ఉంది గానీ జాకీ లేదన్నట్టు.

ముందు బయోస్ రెయిడ్ సంగతి. డెస్క్‌టాప్ బోర్డుల్లో కనిపించే రెయిడ్ నిజమైన హార్డ్‌వేర్ రెయిడ్ కాదు. దానికంటూ విడిగా ప్రాసెసర్ ఉండదు, బ్యాటరీ ఉన్న క్యాష్ మెమరీ ఉండదు. డిస్కుల మీద తన పద్ధతిలో ఒక గుర్తు రాసిపెట్టి, అసలు పనంతా ఓఎస్‌లోని డ్రైవర్ చేత చేయిస్తుంది. అంటే అదీ సాఫ్ట్‌వేర్ రెయిడే, కాకపోతే ఆ కంపెనీ బోర్డుకి కట్టేసినది. ఒక ఆడిట్ ఆఫీసులో ఇలాంటి బోర్డు కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోయింది. వేరే బోర్డు తెచ్చి పెడితే అది ఆ రెండు డిస్కుల్ని జతగా గుర్తుపట్టనే లేదు. అది మిర్రర్ (రెండు డిస్కుల మీదా ఒకే డేటా) కాబట్టి ఒక డిస్క్‌ని రీడ్-ఓన్లీగా లైనక్స్‌లో పెట్టి ఫైళ్లు బయటికి తీయగలిగాం. అదే స్ట్రైప్ (డేటాని ముక్కలుగా రెండు డిస్కులకీ పంచేది) అయ్యుంటే అంత తేలిగ్గా తెమిలేది కాదు.

లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కి ఆ బంధం లేదు. ఏ డిస్క్ ఏ జతకి చెందిందో, ఎన్నోదో, చివరగా ఎప్పుడు అప్‌డేట్ అయిందో అంతా ఆ డిస్క్ మీదే సూపర్‌బ్లాక్ అనే చిన్న చోట రాసి ఉంటుంది. బోర్డు పోతే ఆ డిస్కులు తీసి ఏ లైనక్స్ మెషీన్‌కి తగిలించినా జత అక్కడ లేస్తుంది. మీలాంటి స్టూడియోకి ఇదే పెద్ద భరోసా. పనిచేసే ఇంకో డెస్క్‌టాప్ ఒకటి ఎక్కడైనా దొరుకుతుంది, పదేళ్ల కిందటి బోర్డు మోడల్ దొరకదు.

ఇంటెల్ బోర్డుల్లో ఈ ఆప్షన్ ఆర్ఎస్‌టీ అనో వీఎండీ అనో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చాలాసార్లు ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి డిస్కులే కనిపించవు. "డిస్కులు కనిపించట్లేదు" అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఇదే కారణం. ఒక్క జాగ్రత్త: ఆ మెషీన్‌లో ఇప్పటికే విండోస్ ఉండి, అది మీకు ఇంకా కావాలంటే, ఆలోచించకుండా మోడ్ మార్చకండి. మార్చాక ఆ విండోస్ లేవదు. మీరు మొత్తం తుడిచి కొత్తగా వేస్తున్నారు కాబట్టి మీకు ఆ బెడద లేదు.

లెవెల్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. రెండు డిస్కులంటే రెయిడ్ 1, మిర్రర్. ఒకే రాత రెండు చోట్లా పడుతుంది. మీకు చేతికొచ్చేది 4 టీబీయే, 8 కాదు. ఎవరైనా "రెయిడ్ 0 పెట్టు బాబూ, స్పీడూ స్థలమూ రెండూ వస్తాయి" అంటే వినకండి. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ రెయిడ్ మీద రాసిన పేపర్‌లో 1 నుంచి 5 వరకే లెవెల్స్ ఉన్నాయి. సున్నా తర్వాత వచ్చి చేరింది. అందులో అదనపు కాపీ అనేదే లేదు, ఏ ఒక్క డిస్క్ పోయినా మొత్తం పోతుంది. మూడో డిస్క్ కొని రెయిడ్ 5 పెట్టమనేవాళ్లూ ఉంటారు. వద్దంటాను. మిర్రర్‌లో ఏ ఒక్క డిస్క్ తీసుకున్నా దాని మీద మొత్తం డేటా ఉంటుంది, రికవరీ తేలిక. రెయిడ్ 5లో ఒకటి పోయాక మిగిలిన వాటినన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివితేనే కొత్తది నిండుతుంది, ఆ చదవడంలో ఎక్కడ తడబడినా ఇబ్బందే. రాస్తుండగా కరెంటు పోతే డేటాకీ, పోయినదాన్ని లెక్కగట్టడానికి రాసుకునే పారిటీకీ పొంతన తప్పే చిక్కు కూడా దానికి ఉంది.

ఓఎస్ వేసేటప్పుడే పెట్టాలా అన్నదానికి: మీ దగ్గర ఉన్నవి ఆ రెండు డిస్కులే, ఓఎస్ కూడా వాటి మీదే ఉండాలి కాబట్టి ఇన్‌స్టాలర్‌లోనే పెట్టండి. తర్వాత కూడా చేయొచ్చు. ఖాళీ డిస్క్ మీద ఒక కాలు లేని మిర్రర్ తయారుచేసి, నడుస్తున్న సిస్టమ్‌ని దాని మీదకి కాపీ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఫైలు), ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న సిస్టమ్), గ్రబ్ (లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్) మూడూ సరిచేసి, చివరికి పాత డిస్క్‌ని రెండో కాలుగా కలపాలి. అలవాటున్నవాళ్లకే సగం రోజు పని. అదే ఇన్‌స్టాలర్‌లో అయితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఓఎస్ కోసం విడిగా చిన్న ఎస్ఎస్‌డీ పెట్టుకునే ఆలోచన ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు ఓఎస్ మామూలుగా వేసుకుని, డేటా డిస్కుల రెయిడ్ తీరిగ్గా తర్వాత పెట్టుకోవచ్చు. కానీ ఆ ఎస్ఎస్‌డీ పోతే ఫొటోలు భద్రంగానే ఉన్నా, మళ్లీ ఓఎస్ వేసి షేర్లు సరిచేసేదాకా స్టూడియో ఆగుతుంది. మీరు ఆగకూడదన్నారు, అందుకే ఓఎస్‌ని కూడా మిర్రర్ మీదే పెట్టమంటున్నాను.

ఇప్పుడు ఇన్‌స్టాల్ చేసే వరస. పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ మోడ్‌లో (కొత్త బోర్డుల బూట్ పద్ధతిలో) బూట్ చేయండి. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది ఎంచుకోండి. స్టోరేజ్ స్క్రీన్‌కి వచ్చాక గైడెడ్ జోలికి పోవద్దు, అందులో రెయిడ్ రాదు. 'కస్టమ్ స్టోరేజ్ లేఅవుట్' తీసుకోండి.

మొదటి డిస్క్ మీద ఎంటర్ కొట్టి 'యూజ్ యాజ్ బూట్ డివైస్' అనండి. దాని మీద సుమారు 1 జీబీ ఈఎఫ్ఐ పార్టిషన్ దానంతటదే తయారవుతుంది. తర్వాత రెండో డిస్క్ మీద ఎంటర్ కొడితే ఈసారి మెనూలో 'యాడ్ యాజ్ ఎనదర్ బూట్ డివైస్' అని ఉంటుంది. అది తప్పకుండా నొక్కండి. చాలామంది వదిలేసేది ఈ ఒక్క లైనే. వదిలేసినా ఇన్‌స్టాలర్ మారుమాట్లాడదు, మెషీన్ కూడా బ్రహ్మాండంగా నడుస్తుంది, మొదటి డిస్క్ పోయేదాకా.

ఆ తర్వాత రెండు డిస్కుల మీదా ఒకే కొలతల్లో రెండేసి పార్టిషన్లు చేయండి: ఓఎస్‌కి 100 జీబీ ఒకటి, మిగిలినదంతా ఫొటోలకి ఒకటి. ఫార్మాట్ దగ్గర 'లీవ్ అన్‌ఫార్మాటెడ్' పెట్టండి, లేకపోతే రెయిడ్ స్క్రీన్‌లో అవి కనిపించవు. డిస్క్ చివర్లో రెండు మూడు జీబీ కావాలనే ఖాళీ వదలండి. రేపు ఒక డిస్క్ పోయి ఇంకో కంపెనీది తెస్తే అది 4 టీబీ అని రాసి ఉన్నా కాస్త చిన్నదిగా ఉండొచ్చు. మిర్రర్‌లో కలవాల్సిన పార్టిషన్ కొంచెం తగ్గినా కలవదు.

ఓఎస్‌నీ డేటానీ ఎందుకు విడదీయమంటున్నానంటే, ఎప్పుడైనా ఓఎస్ పాడైనా, కొత్త వెర్షన్ శుభ్రంగా వేసుకోవాలన్నా, ఫొటోల పార్టిషన్ తాకకుండా పని అయిపోతుంది. ఒకటే పెద్ద రూట్ పెట్టుకుంటే ఆ సౌకర్యం ఉండదు.

ఇప్పుడు 'క్రియేట్ సాఫ్ట్‌వేర్ రెయిడ్' నొక్కి, లెవెల్ 1 పెట్టి, రెండు డిస్కుల్లోని 100 జీబీ పార్టిషన్లని టిక్ చేస్తే ఎండీ0 అనే పేరుతో జత వస్తుంది. అలాగే పెద్ద పార్టిషన్లతో ఎండీ1. పేర్లు చూసి టిక్ చేయండి, ఒకే డిస్క్‌లోని రెండు పార్టిషన్లని జత చేస్తే అది మిర్రర్ అవ్వదు. ఎండీ0ని ఈఎక్స్‌టీ4గా రూట్‌కి, ఎండీ1ని ఈఎక్స్‌టీ4గా ఫొటోల ఫోల్డర్‌కి మౌంట్ పెట్టండి. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటుకి) విడిగా పార్టిషన్ వద్దు. ఉబుంటు రూట్ లోపలే స్వాప్ ఫైలు పెట్టుకుంటుంది, అంటే అది కూడా మిర్రర్ మీదే ఉంటుంది. స్వాప్‌ని ఒక డిస్క్ మీద విడిగా పెట్టి, ఆ డిస్క్ పోతే, స్వాప్‌లో ఉన్న ప్రోగ్రాములు అక్కడికక్కడే కూలిపోతాయి. డేటా మిగిలినా సర్వర్ పడిపోతుంది.

డిస్కులు కొత్తవి కాకుండా వాడినవి అయితే, ఇన్‌స్టాల్‌కి ముందు పాత రెయిడ్ గుర్తులు తుడవాలి. లేకపోతే ఎండీ127 అనే పేరుతో పాత జత లేచి అడ్డం పడుతుంది. ఇన్‌స్టాలర్‌లోని కమాండ్ స్క్రీన్‌లోకి (షెల్) వెళ్లి ఆ జతని ఆపేసి, వైప్‌ఎఫ్ఎస్ కమాండ్‌తో తుడిస్తే సరి. మీవి కొత్తవే కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇక బూట్ విషయం కాస్త లోతుగా చెప్పాలి. మెషీన్ ఆన్ అవ్వగానే మాట్లాడేది లైనక్స్ కాదు, బోర్డు మీది ఫర్మ్‌వేర్. దానికి రెయిడ్ అంటే తెలియదు. దానికి తెలిసింది ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒక్కటే. లైనక్స్ రెయిడ్‌ని నడిపించే టూల్ ఎండీఆడమ్. అది మామూలుగా వాడే 1.2 మెటాడేటా (ఆ సూపర్‌బ్లాక్ రకం) పార్టిషన్ మొదట్లో, 4 కేబీ తర్వాత కూర్చుంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని అలాంటి రెయిడ్‌లో పెడితే ఫర్మ్‌వేర్‌కి అక్కడ ఫ్యాట్ కనిపించదు. 1.0 మెటాడేటా పార్టిషన్ చివర్లో ఉంటుంది కాబట్టి దానితో ఫర్మ్‌వేర్‌ని ఏమార్చవచ్చు, కొందరు అలాగే చేస్తారు కూడా. నాకు నచ్చదు. ఫర్మ్‌వేర్ ఎప్పుడైనా ఆ పార్టిషన్ మీద తనే ఏదైనా రాస్తే, అది ఒక డిస్క్ మీదే పడుతుంది. రెండు కాపీలూ వేరువేరు అయిపోయినా రెయిడ్‌కి ఆ సంగతి తెలియదు. విడివిడిగా రెండు మామూలు ఈఎఫ్ఐ పార్టిషన్లు ఉంచి, రెండింటిలోనూ గ్రబ్ వేయించడమే తిన్నని దారి.

ఉబుంటులో 20.04 నుంచి ఇది తేలికైంది. బూట్ డివైస్‌లుగా రెండు డిస్కులూ ఎంచుకుంటే, గ్రబ్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా రెండు పార్టిషన్లలోనూ రాస్తుంది. ఇన్‌స్టాల్‌లో మరిచిపోయినవాళ్లు రెండో డిస్క్ మీద ఈఎఫ్ఐ పార్టిషన్ తయారుచేసి, గ్రబ్ ఈఎఫ్ఐ ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్ చేస్తే, ఏయే పార్టిషన్లలో వేయాలని అదే అడుగుతుంది. డెబియన్‌లో ఈ సదుపాయం లేదు. అక్కడ ఒకదాన్నుంచి రెండోదానికి కాపీ చేసే పని మీరే పెట్టుకోవాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక, బోర్డు దగ్గరున్న బూట్ ఎంట్రీల జాబితా చూపించే ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్ కొట్టి చూడండి. ఉబుంటు ఎంట్రీ ఒక్క డిస్క్‌కే ఉంటే రెండోదానికి మీరే ఒక ఎంట్రీ కలపండి. ఎంట్రీ లేకపోయినా కొన్ని బోర్డులు డిస్క్‌లో బూట్ ఫోల్డర్ వెతుక్కుని లేస్తాయి, కొన్ని నల్ల స్క్రీన్ చూపించి కూర్చుంటాయి. బోర్డు మంచితనం మీద ఆధారపడక్కర్లేదు.

ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక మాట కలపాలి. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో బూట్-ఈఎఫ్ఐ అనే లైన్ ఉంటుంది. అది మొదటి డిస్క్ మీది ఈఎఫ్ఐ పార్టిషన్ ఐడీని పట్టుకుని ఉంటుంది. ఆ డిస్క్ పోతే సిస్టమ్‌డీ (ఉబుంటులో అన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఆ ఐడీ కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, దొరకలేదని ఎమర్జెన్సీ మోడ్‌లో ఆపేస్తుంది. రూట్ లేచింది, డేటా లేచింది, అయినా షేర్లు రావు. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో సరిగ్గా ఇదే చూశాను. రాత్రి కరెంటు పోయి వచ్చాక మొదటి డిస్క్ చచ్చిపోయింది. పొద్దున్నే రిపోర్టుల కోసం పేషెంట్లు బారులు తీరి ఉన్నారు, స్క్రీన్ మీద రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ నిలిచిపోయి ఉంది. ఆ లైన్‌లో ఆప్షన్ల గడిలో 'నోఫెయిల్' (దొరకకపోయినా ఆగొద్దు) అని చేర్చగానే మెషీన్ మామూలుగా లేచింది. ఆ సర్వర్ పెట్టినవాళ్లు ఈ ఒక్క పదం మొదటి రోజే రాసి ఉంటే ఆ పొద్దున ఎవరూ ఇబ్బంది పడేవాళ్లు కాదు.

ఇప్పుడు పరీక్ష. ఇన్‌స్టాల్ అవ్వగానే వెనకాల మొదటి సింక్ మొదలవుతుంది. ప్రాక్ అనే ఫోల్డర్‌లో ఉండే ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే శాతం కనిపిస్తుంది. రెండు ఎండీలూ ఒకే డిస్కుల మీద ఉన్నాయి కాబట్టి ఒకటి నడుస్తుంటే రెండోది 'డిలేడ్' అని చూపిస్తుంది, కంగారు పడకండి, వరసలో ఉందన్నమాట. 4 టీబీ హార్డ్ డిస్క్‌కి ఏడెనిమిది గంటలు పట్టడం మామూలే. రాత్రికి వదిలేయండి. పొద్దున్న చూస్తే ఒక్కో ఎండీ పక్కన బ్రాకెట్లలో రెండు 'యూ' అక్షరాలు ఉండాలి. ఒక డిస్క్ లేకపోతే దాని చోట అండర్‌స్కోర్ ఉంటుంది.

రెండు 'యూ'లూ వచ్చాక షట్‌డౌన్ చేసి, పవర్ తీసేసి, మొదటి డిస్క్ సాటా కేబుల్ పీకి ఆన్ చేయండి. లేని డిస్క్ కోసం కాసేపు ఎదురుచూస్తుంది కాబట్టి మామూలు కంటే అర నిమిషమో ఇంకాస్తో ఆలస్యమవుతుంది. లాగిన్ వచ్చి, షేర్ తెరుచుకుంటే సగం గెలిచినట్టే. షట్‌డౌన్ చేసి కేబుల్ తిరిగి పెట్టండి. తిరిగొచ్చిన డిస్క్ చాలాసార్లు దానంతటది జతలో చేరదు. ఎండీఆడమ్‌కి యాడ్ ఆప్షన్ ఇచ్చి, ఆ డిస్క్‌లోని పార్టిషన్లని ఎండీ0, ఎండీ1లలో దేని స్థానంలో దాన్ని మీరే కలపాలి. 100 జీబీ దాటిన జతలకి ఎండీఆడమ్ తనంతట తనే బిట్‌మ్యాప్ పెడుతుంది, ఎక్కడెక్కడ రాతలు మారాయో అందులో గుర్తుంటుంది. కాబట్టి ఫొటోల జత మొదటి నుంచి కాకుండా మారినంత మేరకే క్షణాల్లో సింక్ అవుతుంది. ఆ తర్వాత రెండో డిస్క్‌తో ఇదే పరీక్ష.

మధ్యలో సింక్ పూర్తికాకుండా రెండో డిస్క్ పీకకండి. మొదటిది లేకుండా ఒకసారి, వెంటనే రెండోది లేకుండా ఇంకోసారి బూట్ చేస్తే, రెండు డిస్కులూ "నేనే అసలుదాన్ని" అంటూ వేరువేరు రాతలతో తేలతాయి. ఆ తర్వాత జత కలపాలంటే ఒకదాని మీది మార్పులు వదులుకోవాల్సిందే. ప్రతిసారీ రెండు 'యూ'లూ చూశాకే ముందుకెళ్లండి.

ఈ పరీక్ష చేసేటప్పుడే ఇంకో పని కూడా. డిస్క్ మీద ఉన్న సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు స్టిక్కర్ మీద పెద్దగా రాసి, క్యాబినెట్ తెరవగానే కనిపించేలా అంటించండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లని నమ్మకండి, బూట్ బూట్‌కీ తారుమారు కావచ్చు. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి సీరియల్ కాలమ్ కూడా చూపించమని చెబితే ఏ పేరు ఏ డిస్క్‌దో తెలుస్తుంది. ఒకటి పోయిన రోజున తొందరలో బతికున్న డిస్క్‌ని పీకే ప్రమాదం ఈ స్టిక్కర్‌తో తప్పుతుంది.

సరే, ఒక డిస్క్ పోయింది, సర్వర్ నడుస్తూనే ఉంది. పోయిందని మీకెలా తెలుస్తుంది? రెయిడ్ 1 ఒక డిస్క్ పోయినా ఏమీ కానట్టే పనిచేస్తుంది. ఎవరూ చూడకపోతే నెలల తరబడి ఒంటికాలి మీద నడుస్తుంది, రెండోది కూడా పోయినప్పుడే అందరికీ తెలుస్తుంది. అలా మొత్తం డేటా పోగొట్టుకున్నవాళ్లు సాయం కోసం నా దగ్గరికి వచ్చారు, అప్పటికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. వాళ్ల లాగ్ చూస్తే మొదటి డిస్క్ ఆగిపోయి అర్ధ సంవత్సరం దాటింది.

అందుకని ఎండీఆడమ్ కాన్ఫిగ్ ఫైలులో మెయిల్‌అడ్రస్ లైన్ నింపండి. మెయిల్ పంపే ఏర్పాటు గొడవ అనిపిస్తే అదే ఫైలులో 'ప్రోగ్రామ్' అని ఇంకో లైన్ పెట్టి, దాని నుంచి మీ ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ నడిపించవచ్చు. మా క్లయింట్లకి నేను ఇదే చేస్తున్నాను, మెయిల్ చూడనివాళ్లు కూడా టెలిగ్రామ్ చూస్తారు. తర్వాత ఎండీఆడమ్ మానిటర్‌ని టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి నడిపితే ఉత్తుత్తి హెచ్చరిక వస్తుంది. అది ఫోన్‌లో మోగేదాకా పని అయిపోయిందనుకోకండి. కాన్ఫిగ్ మార్చాక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అప్‌డేట్ చేయడం మరవకండి. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌మాన్‌టూల్స్ కూడా వేసి, రీఅలొకేటెడ్ (పాడై వేరే చోటికి మార్చినవి), పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉన్నవి) సెక్టార్ల లెక్క మీద కన్నేసి ఉంచండి. పెండింగ్ సున్నా నుంచి కదిలిందంటే కొత్త డిస్క్ ఆర్డర్ పెట్టే సమయం వచ్చినట్టే.

మీరు కొన్న డిస్కుల గురించి మోడల్ నంబర్ ఇవ్వలేదు, కాబట్టి చూసుకోవాల్సింది చెబుతాను. డెస్క్‌టాప్ కోసం అమ్మే చవక 4 టీబీ డిస్కుల్లో చాలావాటిలో ఎస్ఎంఆర్ పద్ధతి ఉంటుంది. ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, చిన్న మార్పుకి కూడా పక్క ట్రాకులు తిరగరాయాలి. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆగకుండా రాయాల్సి వస్తే స్పీడ్ పడిపోతుంది. పెళ్లిళ్ల కెమెరా కార్డులు ఒకదాని వెనక ఒకటి కాపీ చేసే మీ పనికి అది ఇబ్బంది. డేటాషీట్‌లో సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కనిది) అని ఉన్నది తీసుకోండి. ఇంకోటి, చదవలేని సెక్టార్ తగిలితే డెస్క్‌టాప్ డిస్క్ నిమిషాల తరబడి పట్టువదలకుండా ప్రయత్నిస్తుంది. లైనక్స్ మాత్రం మామూలుగా 30 సెకన్లే ఓపిక పట్టి డిస్క్‌ని రీసెట్ చేస్తుంది. ఆ గొడవలో బాగున్న డిస్క్ కూడా జతలోంచి బయటికి పోవచ్చు. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలు) కోసం చేసిన డిస్కులు 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి, అప్పుడు రెయిడ్ రెండో కాపీ నుంచి చదివి ఆ సెక్టార్‌ని సరిచేస్తుంది. స్మార్ట్‌సీటీఎల్‌తో ఆ టైమర్ ఉందో లేదో చూడొచ్చు. వీలైతే రెండు డిస్కులూ వేర్వేరు బ్యాచ్‌లవి ఉండాలి. నేను సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో) కొనేటప్పుడు ఒకటి ఒక షాపులో, రెండోది ఇంకో షాపులో తీసుకుంటాను. ఒకే డబ్బాలోంచి వచ్చిన జంట ఒకే రకం లోపంతో దగ్గర దగ్గరగా పోయే అవకాశం ఎక్కువ.

యూపీఎస్ తప్పనిసరి. ఎండాకాలం కోతలూ, తుపాను రోజులూ మీకు నేను చెప్పక్కర్లేదు. యూఎస్‌బీ కేబుల్ ఉన్న యూపీఎస్ కొని, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తనే షట్‌డౌన్ అయ్యేలా నట్ అనే ప్యాకేజీ పెట్టండి. కాపీ మధ్యలో కరెంటు పోతే, ఆ ఫైలు రెండు డిస్కుల మీదా సగమే ఉంటుంది. రెయిడ్ దాన్ని పూర్తి చేయలేదు.

బ్యాకప్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఎడిటర్ కుర్రాడు పొరపాటున ఒక పెళ్లి ఫోల్డర్ డిలీట్ చేస్తే, ఆ క్షణంలోనే రెండు డిస్కుల్లోంచీ పోతుంది. విండోస్ సిస్టమ్‌లోకి రాన్సమ్‌వేర్ వస్తే, అది షేర్ మీద లాక్ చేసిన ఫైళ్లని రెయిడ్ శ్రద్ధగా రెండు కాపీలు దాచిపెడుతుంది. రెయిడ్ పని ఆగకుండా చూస్తుంది, పోయినది వెనక్కి తేదు. ఒక 4 టీబీ యూఎస్‌బీ డిస్క్ కొని, రోజూ రాత్రి కాపీ తీసి, వారానికోసారి ఇంకో డిస్క్‌తో మార్చి ఒకటి ఇంట్లో ఉంచండి. ఒక జంట పెళ్లి రెండోసారి తీయలేం కదా. ఆల్బమ్ డెలివరీ అయ్యేదాకా కెమెరా కార్డులు ఫార్మాట్ చేయకపోతే ఇంకా మంచిది.

డిస్క్ మార్చే రోజు వచ్చినప్పుడు: పోయినదాన్ని ఎండీఆడమ్‌తో ఫెయిల్, రిమూవ్ చేసి, స్టిక్కర్ చూసి తీసేయండి. కొత్తది పెట్టి, బతికున్న డిస్క్ పార్టిషన్ పట్టికని (ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే జాబితాని) ఎస్‌జీడిస్క్ కమాండ్‌తో కొత్తదానికి కాపీ చేసి, ఐడీలు కొత్తవి ఇప్పించండి. ఇక్కడ దిశ తిరగబడితే ఖాళీ పట్టిక మంచి డిస్క్ మీద పడుతుంది, కాబట్టి ఎంటర్ కొట్టే ముందు సీరియల్ నంబర్లు మళ్లీ చూసుకోండి. తర్వాత పార్టిషన్లని రెండు ఎండీలకీ యాడ్ చేసి, కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఫార్మాట్ చేసి, గ్రబ్‌ని మళ్లీ రీకాన్ఫిగర్ చేయండి. రెయిడ్ సింక్ అయిందని సంబరపడి గ్రబ్ సంగతి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

స్థలం చాలకపోతే అన్న మీ చివరి ప్రశ్నకి కూడా ఇదే వరస. ఒక 4 టీబీ తీసి 8 టీబీ పెట్టి, పట్టిక కాపీ చేశాక ఫొటోల పార్టిషన్‌ని మాత్రం పెద్దది చేసి, సింక్ అయ్యేదాకా ఆగండి. తర్వాత రెండోది. రెండూ అయ్యాక ఎండీ1ని గ్రో ఆప్షన్‌తో పెంచి, ఫైల్ సిస్టమ్‌ని పెంచే రీసైజ్2ఎఫ్ఎస్ కమాండ్ కొడితే షేర్ నడుస్తుండగానే స్థలం పెరుగుతుంది. ఆ పని మొదలుపెట్టే ముందు ఆ రోజు బ్యాకప్ పూర్తయిందో లేదో చూసుకోండి, ఎందుకంటే సింక్ నడిచే ఆ గంటలన్నీ మీ ఫొటోలు ఒక్క డిస్క్ మీదే ఉంటాయి. డిస్కుల మోడల్ నంబర్లూ బోర్డు మోడలూ ఇక్కడ పెడితే, అవి పనికొస్తాయో లేదో చూసి చెబుతాను.